లవణగిరి కోటలో పేరులేని సంఖ్య

లవణగిరి కోట గోడల్లో రాయి అన్నది లేదు. పునాది మొదలు బురుజు కొన దాకా అంతా ఉప్పే. పొద్దుటి ఎండ పడేసరికి ఆ కోట కరిగిన వెండిలా మెరిసి, చూసేవాళ్ళ కళ్ళలో నీళ్ళు తిరిగేలా చేసింది. గోడల మీద ఉప్పుతో చెక్కిన తామరలు, ఉప్పు హంసలు, స్తంభాన్ని చుట్టుకున్న ఉప్పు తీగలు. ఏ పువ్వు మీదా తుమ్మెద వాలదు. ఏ కొమ్మ మీదా పిట్ట కూయదు. కోట చుట్టూ ఉన్న కందకంలో ఉప్పునీరు కుతకుత ఉడుకుతోంది. దాని మీద వేలాడుతున్న తాళ్ళ వంతెన ఒక్కటే లోపలికి దారి.

ఆ వంతెన మీద ఇద్దరు నడుస్తున్నారు. ముందు నడుస్తున్న ఎల్లసాని మణికూట రాజ్యంలో పేరుమోసిన డోలు వాద్యకత్తె. ఆమె వెనక తెల్లగొడుగు పట్టుకుని, ఒళ్ళంతా బూడిద పూసుకుని, సేవకుడిలా తల వంచుకుని నడుస్తున్నవాడు ఆ రాజ్యపు యువరాజు పురంజయుడు.

నెల కిందట లవణగిరి మాంత్రికుడు ధూమ్రాంగదుడు పురంజయుడి చెల్లెలు హేమలేఖను పూలతోటలోంచి ఎత్తుకుపోయాడు. పురంజయుడు వెంటాడి అతని మెడ మీద కత్తి వేశాడు. తగిలీ తగలగానే కత్తి పిడి దాకా ఉప్పై రాలిపోయింది. బాణాలూ ఈటెలూ అంతే అయ్యాయి. బలంతో పని జరగదని తెలిశాక, మాంత్రికుడు పున్నమి ఊరేగింపుకు బయటి నుంచి వాయిద్యగాళ్ళను పిలిపిస్తున్నాడన్న కబురు అందింది. హేమలేఖకు తాళం నేర్పింది ఎల్లసానే. తాను వెళతానని ఆమె ఎవరూ అడగకముందే చెప్పింది.

వంతెన సగం దాటారో లేదో కందకంలోంచి ఆవిరి బుస్సుమని లేచింది. ఉప్పు పట్టి పెళుసైన ఎడమ తాడు ఫటేలున తెగింది. వంతెన పక్కకు ఒరిగి, ఎల్లసాని కాళ్ళు గాల్లో తేలాయి. ఆమె ఒక చేత్తో కుడి తాడు పట్టుకుని, రెండో చేత్తో డోలును తల మీదికి ఎత్తింది. ఆవిరి తగిలితే చర్మం మెత్తబడి డోలు మూగబోతుంది. అరికాళ్ళు కాలుతున్నా ఆమె చెయ్యి దించలేదు. పురంజయుడు గొడుగు కర్రను రెండు పలకల మధ్య గుచ్చి, దాన్ని పట్టుకుని ముందుకు వంగి, ఆమె నడుము అందుకుని లాగాడు. గొడుగు పెరుక్కుని ఇద్దరూ పాకుకుంటూ అవతలి గట్టు చేరేసరికి రెండో తాడు కూడా తెగి, వంతెన మొత్తం ఆ మరుగుతున్న నీళ్ళలో కలిసిపోయింది.

తిరిగి వెళ్ళే దారి పోయింది.

భటులు వాళ్ళను ఊరేగింపు వేళ దాకా ఉండమని నేలమాళిగలోకి తోశారు. అక్కడి చీకటికి కళ్ళు అలవాటు పడ్డాక, పక్క గదిలో చువ్వల వెనక ఒక మనిషి కనిపించాడు. నడుము కింద అంతా తెల్లటి ఉప్పు బొమ్మ. పైన మాత్రం మనిషి. పురంజయుడు ఆయన్ని గుర్తుపట్టాడు. మణికూట ఆస్థానంలో గణితశాస్త్రం చెప్పే భవనాథ భట్టు. పది రోజుల కిందట ఎవరికీ చెప్పకుండా రాజధాని విడిచి వెళ్ళిపోయినవాడు.

భట్టు తన కథ క్లుప్తంగా చెప్పాడు. ధూమ్రాంగదుడు ఒక యక్షిని మెప్పించి వరం పొందాడట. లోపలి ప్రాంగణంలో గుండ్రంగా నిలబడ్డ స్తంభాలున్నాయి. ఒక్కో స్తంభం 'ఒకటి' అనే ఒక అంకె. ద్వారం కుడివైపు మొదలుపెట్టి, చుట్టూ తిరిగి ఎడమవైపుకు వచ్చేదాకా వరసగా చదివితే ఒకే ఒక పెద్ద సంఖ్య అవుతుంది. అన్నీ ఒకట్లే. ఆ సంఖ్యను ఒకటీ, ఆ సంఖ్యా కాక వేరే ఏ సంఖ్య అయినా శేషం లేకుండా భాగిస్తుందని ఎవరైనా చూపించేదాకా మాంత్రికుడికి ఆయుధం తగలదు. ద్వారం మీద ఉన్న యక్షి శిలాముఖం రోజూ మధ్యాహ్నం నోరు తెరిచి, చెప్పేవాళ్ళున్నారా అని అడుగుతుంది. భాగించే సంఖ్యా చెప్పాలి, భాగిస్తే వచ్చే ఫలమూ చెప్పాలి. తప్పితే చెప్పినవాడు కాళ్ళ నుంచి మొదలై ఉప్పైపోతాడు. చెబుతున్నంతసేపు వాళ్ళ ఒంటి మీద మాంత్రికుడు చెయ్యి వేయకూడదు, వేస్తే వరం ఆ క్షణమే పోతుంది.

"అది ఎంత సంఖ్యో మీకు ఊహకందదు" అన్నాడు భట్టు. "కోటి, ఖర్వం, పద్మం, శంఖం, మహానిధి అంటూ పెద్ద పెద్ద సంఖ్యలకు పేర్లు పెట్టుకున్నాం. దీనికి పేరు లేదు. ఈ కొండలో ఉన్న ఉప్పు పలుకులన్నీ ఏరినా దాని కాలిగోటికి సరిపోవు. చివర ఒకటి ఉంది కనక రెండూ అయిదూ దాన్ని భాగించలేవు. వాడు రెండు నుంచి యాభై దాకా ప్రతి సంఖ్యతోనూ ఏడేళ్ళు కూర్చుని భాగించి చూసుకున్నాడట, ఇక్కడ పడ్డాకే భటుల నోట విన్నాను. ప్రతిసారీ ఎంతో కొంత మిగిలింది. దాంతో వాడికి ధీమా వచ్చేసింది."

తాను ఎక్కడ తప్పాడో కూడా ఆయన దాచలేదు. ఆరు ఒకట్లు పక్కపక్కన పెడితే వచ్చే సంఖ్యను ఏడు శేషం లేకుండా భాగిస్తుంది. ఆయన స్తంభాలు లెక్కపెడితే తొంభై వచ్చాయి. తొంభై అంటే పదిహేను ఆరులు. కాబట్టి ఏడు అని చెప్పాడు. తీరా చూస్తే లెక్కే తప్పు. ఆ స్తంభాలను లెక్కపెట్టేవాడి చెవిలో అవి గుసగుసలాడి అంకెలు మార్చేస్తాయి. ఒకడికి ఎనభై ఎనిమిది వస్తే ఇంకొకడికి నూట నాలుగు వస్తాయి.

ఆయన మాట్లాడుతుండగానే ఉప్పు పొట్ట దాటి గుండెల మీదికి పాకింది.

ఎల్లసాని చువ్వల దగ్గరికి జరిగింది. "అయ్యవారూ, ఎన్నున్నాయో తెలియకుండా భాగించడం కుదరదంటారా?"

భట్టు చెయ్యి చాపాడు. గోడ మీద గోటితో ఆరు గీతలు గీశాడు. మధ్యలో ఒక అడ్డగీత పెట్టాడు.

"ఆరు ఒకట్లు. మూడేసి చొప్పున కోశాను. ఇటు నూట పదకొండు, అటు నూట పదకొండు. ఇటువైపుది వేల స్థానంలో ఉంది, అంతే తేడా. అంటే నూట పదకొండును వెయ్యిన్నొకటితో గుణిస్తే ఆరు ఒకట్లూ వస్తాయి. సంఖ్య ఎంత పొడుగైనా సరే అమ్మాయీ, ఒకట్లను సమానమైన గుంపులుగా కోయగలిగితే ఆ ఒక్క గుంపు మొత్తాన్ని భాగిస్తుంది. ఒక్కటి మిగిలినా కుదరదు. నాకీ సంగతి ఇక్కడికి వచ్చి పడ్డాక తట్టింది. కానీ ఎంతేసి కోయాలో తెలియాలంటే ఎన్నున్నాయో తెలియాలి కదా."

"అక్కర్లేదండీ. నేను లెక్కపెట్టను, వాయిస్తాను. తాళం మిగిలిందో సరిపోయిందో నా చేతులకు తెలుస్తుంది."

భట్టు ముఖం వెలిగింది. ఏదో చెప్పబోయేసరికి ఉప్పు గొంతు దగ్గరికి వచ్చేసింది. మాట బొంగురుపోయింది. "ఫలం చెప్పడం మరిచిపోకు. గుంపుకు ఒక్క ఒకటి. మిగతా చోట్ల సున్నలు. ఒకటికి ముందుండే సున్నకు..."

ఆపై మాట రాలేదు. పెదవులు తెల్లబడి బిగుసుకుపోయాయి. కళ్ళు మాత్రం ఇంకా కదులుతున్నాయి. పైన శంఖం ఊదారు. భటులు వచ్చి తలుపు తీశారు.

లోపలి ప్రాంగణం వంద ఏనుగులు పట్టేంత విశాలంగా ఉంది. చుట్టూ వలయంగా నిలువెత్తు తెల్లని స్తంభాలు, ఒక్క చెక్కడమూ లేకుండా, ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు. తలెత్తి చూస్తే ఆకాశాన్ని చువ్వలతో బంధించినట్టుంది. ద్వారం పైన యక్షి శిలాముఖం కళ్ళు మూసుకుని ఉంది. ఊరేగింపు ముందు ధూమ్రాంగదుడు నడుస్తున్నాడు. మోకాళ్ళ దాకా వేలాడే జడలు, వేళ్ళకు ఎముకల ఉంగరాలు. అతని వెనక ఎనిమిది మంది మోస్తున్న పటిక పంజరంలో హేమలేఖ కూర్చుని ఉంది. ఆమె చూపు నేల మీదే ఉంది.

ఊరేగింపు మూడు చుట్లు తిరుగుతుంది. అంటే ఎల్లసానికి మూడే అవకాశాలు.

ఆమె ద్వారం కుడివైపున మొదటి స్తంభం ముందు కుడి పాదం వేసి మొదలుపెట్టింది. స్తంభానికొక అడుగు, అడుగుకొక దెబ్బ. తకిట, తకిట, తకిట. స్తంభాలు గుసగుసలాడుతున్నాయి. ఇరవై అంది ఒకటి, నలభై మూడు అంది ఇంకొకటి. ఆమె మనసులో అంకెలే లేవు గనక ఆ మాటలు పట్టుకోవడానికి చోటు దొరకలేదు. చివరి స్తంభం దగ్గరికి వచ్చేసరికి "త" ఒక్కటే పడింది. మూడేసి చొప్పున కోస్తే ఒకటి మిగిలింది. కుడి పాదంతో మొదలై కుడి పాదంతోనే ఆగింది కాబట్టి రెండేసి చొప్పున కోసినా సరిపోవు.

రెండో చుట్టులో తకతకిట వాయించింది. అయిదేసి. మళ్ళీ చివర ఒక్క "త" మిగిలింది. ఇక ఒక్క చుట్టే మిగిలింది.

మూడో చుట్టుకు ఆమె తకిట తకధిమి ఎత్తుకుంది, ఏడేసి. పంజరంలో హేమలేఖ తలెత్తింది. ఆమె మొట్టమొదట నేర్చుకున్న తాళం అదే. గొడుగు కింద ఉన్న ఎల్లసానినీ, ఆమె వెనక గొడుగు పట్టిన అన్ననూ చూసి, వెంటనే చూపు దించేసుకుంది. కానీ ధూమ్రాంగదుడు ఆగాడు. చుట్టుకొక తాళం ఎందుకు మారుస్తున్నావని అడిగాడు. ఎల్లసాని చేతులు ఆపకుండానే, తమ దేశంలో పెద్దవాళ్ళ ముందు ఒకే తాళం మూడుసార్లు వాయించడం మర్యాద కాదని వినయంగా జవాబిచ్చింది. అతను నవ్వి ముందుకు నడిచాడు.

తకిట తకధిమి. తకిట తకధిమి. ద్వారం దగ్గరపడుతోంది. ఇంకా కొన్ని స్తంభాలున్నాయి. ఎల్లసాని చేతులు తమంతట తామే పోతున్నాయి. తకిట తకధిమి. ఆఖరి "మి" ఆఖరి స్తంభం ముందు పడింది. ఏమీ మిగలలేదు.

సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. శిలాముఖం కళ్ళు తెరిచి, చెప్పేవాళ్ళున్నారా అని అడిగింది. ఆ గొంతుకు ప్రాంగణంలోని ఇసుక అంతా వణికింది. ఎల్లసాని ముందుకు వచ్చి నిలబడింది. గొడుగు పట్టుకున్న పురంజయుడు ఆమెకు చేతికందే దూరంలో నిలిచాడు.

"ఏడు ఒకట్లు" అంది ఆమె. "పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు. అది భాగిస్తుంది."

ధూమ్రాంగదుడి ముఖంలో నవ్వు మాయమైంది. అతను యాభై దగ్గర ఆగిపోయాడు. ఇంకో మూడు సంఖ్యలు ముందుకు వెళ్ళి యాభై మూడుతో భాగించి ఉంటే, తన రహస్యం ఎంత పెళుసుదో అప్పుడే తెలిసిపోయేది.

ఫలం చెప్పమంది శిలాముఖం.

గుంపుకు ఒక్క ఒకటి, మిగతా చోట్ల సున్నలు. ఎన్ని గుంపులో ఆమె లెక్కపెట్టలేదు. పెడితే స్తంభాలు చెడగొడతాయి. దెబ్బ పడితే ఒకటి, మౌనంగా ఉంటే సున్న. అంతవరకు తెలుసు. గుంపులో దెబ్బ ఎక్కడ పడాలి? మొదట కొట్టి ఆరు అడుగులు మౌనంగా నడిస్తే, ఆఖరి ఒకటి తర్వాత ఆరు సున్నలు అదనంగా చేరి ఫలం పది లక్షల రెట్లు పెరిగిపోతుంది. మాళిగలో భట్టు నోట్లో ఆగిపోయిన మాట ఆమెకు అప్పుడు అర్థమైంది. ఒకటికి ముందుండే సున్నకు విలువ లేదు. ముందు ఆరు అడుగులు మౌనంగా నడిచి, ఏడో దాని దగ్గర కొట్టాలి. అప్పుడు ఆఖరి దెబ్బ సరిగ్గా ఆఖరి స్తంభం దగ్గరే పడుతుంది.

డోలుతో చెబుతానంది. శిలాముఖం ఒప్పుకుంది. డోలు మీద పడిన ప్రతి దెబ్బా ఒక 'ఒకటి' కింద లెక్క అని హెచ్చరించింది.

ఎల్లసాని నడక మొదలుపెట్టింది. ఆరు అడుగులు మౌనం. ఏడో అడుగుకు ధిం. మళ్ళీ ఆరు అడుగులు. ధిం. ప్రాంగణంలో భటులు, బోయీలు, పంజరంలో హేమలేఖ, అందరూ ఆమె పాదాలనే చూస్తున్నారు. ధూమ్రాంగదుడు ఆమె పక్కనే నడుస్తున్నాడు. ఆమె ఒంటిని తాకకూడదు. కానీ డోలు ఆమె ఒళ్ళు కాదు. మౌనంగా నడుస్తున్న మూడో అడుగులో అతని పిడికిట్లోంచి గులకరాయి ఒకటి బాణంలా డోలు మీదికి దూసుకొచ్చింది. పురంజయుడు గొడుగు వదిలేసి అరచెయ్యి అడ్డం పెట్టాడు. రాయి చేతిలో దిగబడింది. రక్తం కారి ఇసుకలో పడింది. డోలు మోగలేదు.

ధిం.

వలయం సగం దాటింది. అప్పుడు వెనక నుంచి భవనాథ భట్టు గొంతు వినిపించింది.

"అమ్మాయీ, ఒక అడుగు తప్పావు. వెనక్కి వెయ్యి."

ఎల్లసాని పాదం గాల్లో ఆగింది. గొంతు అచ్చం ఆయనదే. బొంగురు కూడా అలాగే ఉంది. నిజంగా తప్పానేమో అనిపించింది. మరుక్షణమే ఉప్పుతో బిగుసుకున్న ఆ పెదవులు కళ్ళ ముందు మెదిలాయి. ఆ నోటి నుంచి ఇప్పుడు మాట వచ్చే వీలు లేదు, ఇది మాంత్రికుడి మాయ. ఆమె పాదం ముందుకే పడింది. ఇంకా మూడు అడుగులు. ధిం.

ద్వారం కనిపించింది. ధూమ్రాంగదుడు ఏవేవో మంత్రాలు గొణుగుతూ ఆమెకు ఎదురుగా వెనక్కి నడుస్తున్నాడు. అతని జడలు పాముల్లా లేచి ఆమె ముఖం ముందు ఆడాయి గానీ ముఖాన్ని తాకే సాహసం చేయలేదు. ఆరు అడుగులు. ఆఖరి స్తంభం. ఎల్లసాని ఉన్న బలమంతా చేతిలోకి తెచ్చుకుని కొట్టింది. కొట్టిన చేతినే డోలు చర్మం మీద అదిమి, మోతను అక్కడికక్కడ ఆపేసింది.

"అయింది" అంది.

శిలాముఖం కళ్ళు స్తంభాల వలయం మీద ఒక చుట్టు తిరిగాయి. ఎల్లసానికి తన పాదాల వైపు చూసుకోవాలనిపించింది, కానీ చూసుకోలేదు.

"తొంభై ఒక్క ఒకట్లు" అంది యక్షి చివరికి. "ఏడేసి చొప్పున పదమూడు గుంపులు. శేషం లేదు."

మొదటి ఏడు స్తంభాలు ఒక్కసారే పగిలి కూలాయి. తర్వాత ఇంకో ఏడు. ఏడేసి, ఏడేసి, వలయం మొత్తం ఆమె వాయించిన వరసలోనే నేలకొరిగింది. ఉప్పు ధూళి మేఘంలా లేచి సూర్యుడిని కప్పేసింది. నేలమాళిగలో ఒక ముసలి గొంతు దగ్గడం మొదలుపెట్టింది. ఈసారి అది భట్టుదే. పురంజయుడు పక్కనున్న భటుడి బరిసె లాక్కుని ఒక్క గెంతులో ధూమ్రాంగదుడి మీదికి దూకి పొడిచాడు. బరిసె ఉప్పు కాలేదు. మాంత్రికుడి భుజంలో జానెడు లోతు దిగింది.

ధూమ్రాంగదుడు భుజం నుంచి కారుతున్న ఎర్రటి దాన్ని వింతగా చూసుకున్నాడు. మరుక్షణం బరిసె పెరికి పారేసి, ఎముకల ఉంగరాలన్నీ కలిపి ఒక్కసారి గీరాడు. ప్రాంగణం మధ్య ఇసుక పెళ్ళగించుకుని తాటిచెట్టంత పొడుగు మొసలి ఒకటి పైకి లేచింది. దాని రెండు పక్కలా గబ్బిలం రెక్కల్లాంటి రెక్కలు విచ్చుకున్నాయి. మాంత్రికుడు దాని మెడ మీదికి ఎగిరి కూర్చున్నాడు. మొసలి తన కాలిగోళ్ళతో పటిక పంజరం గొలుసు పట్టుకుని గాల్లోకి లేచింది. బోయీలు చెల్లాచెదురయ్యారు. పురంజయుడు గొలుసు అందుకోబోతే చెయ్యి రక్తంతో జారి కింద పడ్డాడు.

ఎల్లసాని డోలును మెడలోంచి తీసి పారేసింది. కూలిన స్తంభాల కుప్ప మీదికి పరుగున ఎక్కి, పైనుంచి దూకింది. పంజరం పక్కన వేలాడుతున్న గొలుసు కొస ఆమె రెండు చేతుల్లోకి వచ్చింది.

కోట కిందికి జారిపోయింది. ఉడుకుతున్న కందకం చేతిగాజంత అయింది. ఆ తర్వాత ఉప్పు ఎడారి, దాని అంచున ఎవరూ దాటని నల్ల సముద్రం కనిపించాయి. పంజరంలోంచి హేమలేఖ చెయ్యి చాపి ఆమె మణికట్టు పట్టుకుంది. "వదలకు అక్కా" అంది. గాలి హోరులో ఆ రెండు మాటలే వినిపించాయి.

పైన ధూమ్రాంగదుడు మొసలి మెడ మీద పడుకుని కిందికి వంగాడు. నడుములోంచి వంకీ కత్తి తీసి ఎల్లసాని వేలాడుతున్న గొలుసు కొస మొదటి లంకెకు ఆనించి కోయడం మొదలుపెట్టాడు. భుజం నుంచి జారిన రక్తపు చుక్క ఒకటి గాలికి కొట్టుకొచ్చి ఎల్లసాని నుదుటి మీద పడింది.

అది వెచ్చగా ఉంది, మామూలు మనిషి రక్తంలాగే. ఎల్లసాని గొలుసు మీద పట్టు బిగించి, ఒక్కో లంకె అందుకుంటూ ఆ కత్తి వైపు పైకి ఎక్కసాగింది.